రాని విజిళ్ళు

మా ఆయన చెవుల మీద నాకు ఫిర్యాదు ఉంది. రెండింటి మీదా వేరువేరుగా ఉంది. ఆయన ఎడమ చెవికి వీణ వాయించే మనిషి గోరు తగలడం వినిపిస్తుంది. కుడి చెవికి ఆ మనిషి ఊపిరి పీల్చబోయి మానుకోవడం వినిపిస్తుంది. రెండు చెవులూ కలిసినా, "ఏవండీ, పాలు పొంగుతున్నాయి, కాస్త స్టవ్ కట్టెయ్యండి" అన్న మాట మాత్రం పదకొండేళ్ళ సంసారంలో ఒక్కసారీ వినిపించలేదు.

ఆయన పేరు ముకుందం. విశాఖపట్నంలో చెవిమిషన్లు తయారుచేసే ఒక లాబ్‌లో ఇంజనీరు. ఇంటికొస్తే మాత్రం ఆయన పని పాటలు వినడమే. ముందుగది దానికే ఇచ్చేశాం. రెండు స్పీకర్లు, వాటి మధ్య టేపుతో కొలిచి పెట్టిన ఒకే ఒక్క కుర్చీ. ఊడుస్తూ ఆ కుర్చీని బెత్తెడు జరిపానా, పాట పక్కకు ఒరిగిపోయిందని గోల. ఆంప్లిఫయరు కింద మూడు ఇత్తడి మేకులు. ఆయన వింటున్నంతసేపూ ఫ్రిజ్ ఆపెయ్యాలి, అది కరెంటును మురికి చేస్తుందట. ఇంట్లో మురికంతా కడగగలిగాను గానీ కరెంటు మురికి నావల్ల కాలేదు. కొత్త తీగ బిగిస్తే అది రెండొందల గంటలు ఊరాలంటారు. ఆవకాయ మూడోనాటికి ఊరుతుందని మా అమ్మ చెప్పింది. తీగ ఊరడం ఈ ఇంటికొచ్చాకే విన్నాను.

నేను బీయెస్సీ ఫిజిక్స్ చదివాను. ఆ సంగతి ఈ ఇంట్లో నాకొక్కదానికే గుర్తుంటుంది.

మూడేళ్ళ కిందట, దసరాకు గది దులుపుతూ, ఆయన ప్రాణంలా చూసుకునే వెండిపూత తీగను ఊడదీసి దాచాను. పాత టేప్‌రికార్డరుతో వచ్చిన మామూలు నల్లతీగ బిగించాను. దురుద్దేశం ఏమీ లేదు. అస్సలు లేదని మాత్రం ఒట్టు వెయ్యను.

నెల గడిచింది. ఒక ఆదివారం పొద్దున ఆయన పై అధికారి, చెవుల డాక్టరు కృపానిధిగారు పాట వినడానికి వచ్చారు. కుర్చీలో ఆయన, నేలమీద మా ఆయన. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

"తీగ ఊరింది సర్. కింది స్వరాలు చూడండి, ఎంత నిండుగా ఉన్నాయో."

"అవునయ్యా ముకుందం. పోయినసారి ఇంత లోతు లేదు."

నేను కాఫీ తెచ్చాను. ట్రేలో రెండు కప్పులు. కప్పుల పక్కన, చుట్ట చుట్టిన వెండిపూత తీగ.

"ఏవండీ, దీన్ని ఎక్కడ సర్దమంటారు? నెలరోజులుగా బియ్యం డబ్బా వెనకాల ఉంటోంది."

కృపానిధిగారు పడీపడీ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. రెండురోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు తలకు నూనె రాసుకుంటున్న మనిషి ఆ జిడ్డుచేతులతోనే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు.

"హైమా! లేని లోతు నాకు వినిపించింది కదా. అంటే అది నా లోపలే తయారైంది. చెవికి చేతకాని పని మనసుతో చేయించుకోవచ్చన్నమాట!"

నేను ఎదురుచూసింది "పొరపడ్డాను" అన్న ఒక్కమాట కోసం. వచ్చింది కొత్త యంత్రం.

దానికి 'పూరణి' అని పేరు పెట్టారు. చెవి వెనక అంటించుకునే చింతగింజంత బిళ్ళ. మామూలు చెవిమిషను శబ్దాన్ని పెంచుతుంది, అంతే. ఇది అలా కాదు. మనసు తర్వాత ఏం వినబోతున్నానని అనుకుంటోందో దాన్ని ముందే పసిగడుతుంది. బయట మాట సగం వినిపిస్తే మిగతా సగాన్ని మనసులోంచే తీసి చెవికి అందిస్తుంది. మా అత్తగారూ అంతే. నేను నోరు తెరవకముందే నేనేమన్నానో ఆవిడకు తెలిసిపోయేది. ఆవిడకు బిళ్ళ అవసరం రాలేదు.

నవ్వుకున్నాను గానీ, పెద్దవాళ్ళ మీద అది నిజంగానే పనిచేసింది. అరవై ఏళ్ళు అందరిలా విని, తర్వాత చెవులు పోయినవాళ్ళు లాబ్‌లో కూర్చుని మనవల మాటలు విని ఏడవడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళ లోపల అరవై ఏళ్ళ మాటలున్నాయి. బిళ్ళ అందులోంచి తీసి ఇస్తుంది.

మా తరళ లోపల ఏమున్నాయి?

తరళ మా అమ్మాయి. పుట్టుకతోనే వినికిడి తక్కువ. రెండో ఏటినుంచీ మామూలు చెవిమిషను ఉంది. దాంతో దగ్గరి మాటలు కొన్ని పట్టుకునేది, దూరంవి వదిలేసేది. రోజుకు నలభైసార్లు "ఆఁ?" అనేది. మెడ పక్కకు వంచి, కళ్ళు మన పెదాల మీద పెట్టి, "ఆఁ? ఏంటి? మళ్ళీ చెప్పు." విసుగొచ్చేది. ఇప్పుడు ఆ విసుగు తలుచుకుంటే నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఏడేళ్ళలోపు లోపలి చెవికి ఆపరేషను చేసి తీగ అమర్చాలని హాస్పిటల్లో చెప్పారు. మాటలు పట్టే వయసు దాటితే తర్వాత ఎంత వినిపించినా లాభం తక్కువన్నారు. ఈ ఏడు జూన్‌లో తేదీ కూడా ఇచ్చారు. అప్పటికి దానికి ఆరేళ్ళు దాటి రెండు నెలలు.

మే నెలలో మా ఆయన బిళ్ళ పట్టుకుని ఇంటికొచ్చారు.

"కోత ఎందుకు హైమా? పసిదాని తల తెరవడం ఎందుకు? నా చేతిలో మందుండగా?"

నేను సరే అన్నాను. ఈ కథలో నేను ఎవరిని తిట్టినా ఆ 'సరే' నాదేనని ముందే చెప్పేస్తున్నాను.

బిళ్ళ పెట్టిన రోజున కృపానిధిగారు కూడా వచ్చారు. గది ఆ చివర నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మెల్లగా అడిగారు. "తరళా, నీకు ఏ పండు ఇష్టం?"

"సపోటా!" అంది వెంటనే.

మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. ఈ డాక్టరు రెండేళ్ళుగా ప్రతి పరీక్షలోనూ దాన్ని అదే ప్రశ్న అడుగుతున్నాడన్న సంగతి ఆ పూట మా ఇద్దరికీ తట్టలేదు. ఏడుస్తున్నవాళ్ళకు ఏం తడుతుంది!

ఆ రోజునుంచీ ఇంట్లో "ఆఁ?" అన్న మాట ఆగిపోయింది. అడిగిందానికల్లా టక్కున జవాబు. "అన్నం తిన్నావా?" "తిన్నాను." "స్కూల్లో ఏం చేశారు?" "బొమ్మలు వేశాం." మా ఆయన ప్రతి సాయంత్రమూ దానితో మాట్లాడి నోట్‌బుక్కులో రాసుకునేవారు. "ఉచ్చారణ చూశావా, ఎంత తేటగా ఉందో. రోజురోజుకీ మెరుగవుతోంది." తీగ ఊరింది అన్న గొంతుతోనే అన్నారు. నాకప్పుడు తెలియలేదు.

మొదట పట్టుకుంది మా పైడమ్మ. మా ఇంట్లో అంట్లు తోముతుంది. ఏ లాబ్‌లోనూ పనిచెయ్యదు.

"ఏటమ్మగారూ, పాప ఏటది, ఏటది అని అడగడం మానీసింది. మునుపు ఈదిలో సేపల బుట్ట సూత్తే సాలు, ఒక్కోదాని పేరూ సెప్పీదాకా నన్నొగ్గీది కాదు. ఇప్పుడు నానేటి సెప్పినా తలూపీసి ఎల్లిపోతంది."

"వినిపిస్తోంది కదా పైడమ్మా, అందుకే."

"వినిపిత్తే ఇంకా ఎక్కువ అడగాల గదమ్మా?"

గిన్నెలకు జిడ్డు పోలేదని ఆవిడ మీద విసుక్కున్నాను.

నవంబరులో ఒక పొద్దున. కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టడం మా ఇంట్లో తరళ ఉద్యోగం. పాత మిషను ఉన్నప్పుడు వంటింటి గడపలో నిలబడి, కుక్కర్ మీద వెయిట్ ఎగిరినప్పుడల్లా చూసి ఒక్కో వేలు మడిచేది. ఒక చెయ్యి గోడకు ఆనించుకునేది, విజిల్ వచ్చినప్పుడు గోడ అదురుతుందని. బిళ్ళ వచ్చాక హాల్లో బొమ్మలు వేసుకుంటూ, వంటింటికి వీపు పెట్టి లెక్కపెడుతోంది. అదీ ఒక ప్రగతిగా మా ఆయన నోట్‌బుక్కులోకి ఎక్కింది.

ఆ రోజు నేను పప్పు పెట్టి, మేడమీద బట్టలు ఆరేస్తున్నాను. మెట్లకింద నుంచి కేక. "అమ్మా! మూడొచ్చాయి!"

దిగొచ్చి చూస్తే స్టవ్ ఆరిపోయి ఉంది. సిలిండరు ఖాళీ. కుక్కర్ మూత చేతికి ఇట్టే వచ్చేసింది. లోపల కందిపప్పు గులకరాళ్ళలా ఉంది. విజిల్ కాదు, ఆవిరి కూడా పట్టలేదు.

"మూడొచ్చాయన్నావు?"

"వచ్చాయి."

"ఎక్కడొచ్చాయి? అబద్ధాలు నేర్చావా? బొమ్మల్లో పడి వినకుండా నోటికొచ్చింది చెప్పేస్తున్నావా?"

"విన్నానమ్మా. ఒకటి, రెండు, మూడు. విన్నాను."

"మళ్ళీ అదే మాట! పో, గోడకేసి తిరిగి నించో."

నిలబడింది. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. నేను గ్యాస్ ఎప్పుడు బుక్ చేశానో చూద్దామని గోడ క్యాలెండరు పేజీలు వెనక్కి తిప్పాను.

మా క్యాలెండరులో తిథులకంటే నా రాతలు ఎక్కువ. సిలిండరు వచ్చిన రోజు, పైడమ్మ రాని రోజు, వాటితోపాటు తరళ నేర్చిన కొత్తమాట. పాత మిషను ఇచ్చినప్పుడు రాయమన్నది హాస్పిటలువాళ్ళే, తర్వాత అలవాటైపోయింది. జనవరిలో తూనీగ, పిడత, అలక. ఫిబ్రవరిలో మబ్బు, గొళ్ళెం, చక్కిలిగింత. మార్చిలో గడులు సరిపోక పక్కన అంచుమీద కూడా రాశాను. మే మూడోవారంలో ఊసరవెల్లి.

తర్వాత ఏమీ లేదు.

జూన్ తిప్పాను. జూలై. ఆగస్టు. గ్యాసు ఉంది, పైడమ్మ ఉంది, మాట లేదు. నేను రాయడం మర్చిపోయానేమోనని గుర్తు తెచ్చుకోబోయాను. ఆర్నెల్లలో అది కొత్తగా అన్న మాట ఒక్కటి, ఒకే ఒక్కటి. రాలేదు. పూరణి అన్న పేరు ఇంట్లో రోజూ వందసార్లు వినపడుతుంది. అది కూడా దాని నోట రాలేదు. దాన్ని తరళ 'కొత్త మిషను' అంటుంది. ఆ రెండు మాటలూ దానికి ముందే వచ్చు.

గోడవైపు చూశాను. అది ఇంకా అలాగే నిలబడి ఉంది.

ఏ పని చేస్తున్నానో నాకే తెలియకుండా కుక్కర్లో నీళ్ళు మార్చి, మూత పెట్టి, వెయిట్ తగిలించి, ఖాళీ సిలిండరు స్టవ్ మీదే పెట్టాను. దానికి కనబడేలా లైటర్ రెండుసార్లు నొక్కాను. "బొమ్మలు వేసుకో తల్లీ. మూడు రాగానే చెప్పు." ఫ్యాను ఆపాను. కిటికీ మూశాను. ఎదురుగా కూర్చున్నాను.

వంటిల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. పది నిమిషాలయ్యాక తరళ, కాగితం మీంచి తల ఎత్తకుండానే, చిటికెనవేలు మడిచింది. కాసేపటికి ఇంకో వేలు. ఇంకాసేపటికి మూడోది.

"మూడొచ్చాయమ్మా" అంది. ఈసారి కేక వెయ్యలేదు. భయంగా, నా మొహం చూస్తూ అంది.

దాన్ని ఒళ్ళోకి లాక్కుని, మొహం ఎదురుగా పెట్టుకుని చెప్పాను. "నువ్వు అబద్ధం చెప్పలేదు. అమ్మే తప్పుగా తిట్టింది."

"సరే" అంది. ఏ మాటకు సరే అందో, అసలు నా మాట విందో, తాను అనుకున్నదే విందో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను ఈ రోజుకీ మండిస్తోంది.

మా ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి కుక్కర్‌ను బల్లమీద, ఆయన కంచం పక్కనే పెట్టాను. జరిగింది వరసగా చెప్పాను. క్యాలెండరు చూపించాను. ఆయన పెరుగు కలుపుకుంటూ విన్నారు. తర్వాత నవ్వారు. కోపంగా కాదు. ఏమీ తెలియని మనిషికి ఓపిగ్గా నచ్చజెప్పేవాళ్ళు నవ్వే నవ్వు.

"హైమా, నీకు మొదట్నించీ దానిమీద నమ్మకం లేదు. అవునా? అందుకని లోపాలే కనిపిస్తాయి. ఏం వినాలనుకుంటే అదే వింటాం. ఈ సంగతి నాకు నేర్పింది నువ్వే కదా, ఆ తీగతో."

"నాకు కనిపించింది లోపం కాదండీ. చల్లటి కుక్కర్."

"పిల్లలన్నాక ఊహించి చెప్తారు. ఎక్కడో పక్కింటి విజిల్ వచ్చుంటుంది."

"మరి ఆర్నెల్లుగా కొత్తమాట ఒక్కటీ రాలేదేం?"

"నువ్వు రాయడం మానేశావు. మాట్లాడే తీరు చూడు, ఎంత తేటగా ఉందో! నేను రోజూ వింటున్నాను, నా చెవులతో."

"మీ చెవుల సంగతి నాకు తెలుసు. బియ్యం డబ్బాకు కూడా తెలుసు."

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు. నేను కృపానిధిగారికి ఫోన్ చేశాను. ఆయన గొంతులో తేనె కారింది.

"తల్లులకు ఆందోళన సహజమేనమ్మా. శుక్రవారం కమిటీ వస్తోంది. పాపను తీసుకురండి. వాళ్ళు ఒప్పుకుంటే బధిరుల స్కూల్లో రెండొందలమంది పిల్లలకు పెడతాం. మీవారు పుణ్యం చేస్తున్నారు."

రెండొందలమంది. ఇక ఎవరూ "ఆఁ?" అనరు. అందరూ తల ఊపేస్తారు. అందరి నాన్నలూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఫోను పెట్టేసి రోటి దగ్గర కూర్చున్నాను. ఆ పూట చేసిన పచ్చడి రోట్లో నేను ఎంత గట్టిగా దంచానో పైడమ్మకు తెలుసు.

"అమ్మగారూ, రోలు పగిలీపోద్ది" అంది.

"పగలనీ" అన్నాను.

శుక్రవారం పొద్దున తరళకు పరికిణీ కట్టి, పూలు పెట్టి లాబ్‌కు తీసుకెళ్ళాను. ఒక చేతిలో అది. ఇంకో చేతిలో సంచీ. కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. అందరూ ఆవిడను మేడమ్ అంటున్నారు. గదిలోనే ఒక పక్కన టీలు కాచుకునే చిన్న గట్టు, దానిమీద స్టవ్. అది అక్కడ ఉంటుందని నాకు తెలుసు. ఆరేళ్ళుగా ఆ లాబ్ పండగలకు పులిహోర వేడిచేసింది నేనే.

కృపానిధిగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగారు. "తరళా, నీకు ఏ పండు ఇష్టం?"

"సపోటా!"

చప్పట్లు. మా ఆయన కమిటీకి లెక్కలు చూపించారు. బిళ్ళను నాలుగొందల గంటలు పరీక్షించారట. ఇంజనీర్లు చెవుల్లో మైనం దట్టించుకుని, బిళ్ళ పెట్టుకుని, మెల్లగా వినిపించే మాటలూ గంటలూ విజిళ్ళూ పట్టుకున్నారట. నూటికి తొంభైఆరు సరైనవట.

"ఎవరైనా ఏమైనా అడగాలా?" అన్నారు మేడమ్.

నేను లేచాను. "నేను తరళ వాళ్ళ అమ్మనండి. మావారిని నా ఎదురుగా ఒకసారి పరీక్షించాలి. మైనం పెట్టుకుని, బిళ్ళ పెట్టుకుని."

"హైమా" అన్నారు మా ఆయన, పళ్ళ మధ్యనుంచి.

"నాది భ్రమ అన్నారు కదా. అందరి ముందూ వదలగొట్టండి."

సంచీలోంచి కుక్కర్ తీసి గట్టుమీద పెట్టాను. కమిటీలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. "కానివ్వండి. నాకూ చూడాలనే ఉంది" అన్నారు.

మా ఆయన చెవుల్లో మైనం దట్టించారు. బిళ్ళ అంటించారు. నేను కుక్కర్లో నీళ్ళు పోసి, మూత బిగించి, వెయిట్ తగిలించాను. లైటర్ నొక్కాను. నీలం మంట వెలిగింది. ఆయనకు వేలు పెట్టి చూపించాను. ఆయన చూశారు, తల ఊపారు. గోడవైపు కుర్చీ తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నారు.

అప్పుడు నేను స్టవ్ కట్టేశాను. పదకొండేళ్ళుగా ఆయన్ని చెయ్యమంటున్న పని.

గదిలో లాబ్ మనుషులతో కలిపి తొమ్మిదిమంది ఉన్నాం. ఎవరూ దగ్గలేదు. కుక్కర్ కుక్కర్‌లా కూర్చుంది. తరళ నా కొంగు పట్టుకుని వాళ్ళ నాన్న వీపు వంక చూస్తోంది. ఎనిమిది నిమిషాలు అయిందేమో, మా ఆయన కుడిచెయ్యి పైకెత్తి ఒక వేలు చూపించారు. కృపానిధిగారి మొహంలో రంగు మారడం మొదలైంది. రెండో వేలు. మేడమ్ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. మూడో వేలు ఎత్తి, మా ఆయన కుర్చీ తిప్పుకుని, గెలిచినవాడిలా నవ్వుతూ మా వైపు తిరిగారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన నవ్వు కాసేపు మొహంమీదే దిక్కులేకుండా నిలబడి ఉంది.

నేను వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని తెచ్చి కుక్కర్ మీద పెట్టాను. చెయ్యి ఉలిక్కిపడింది. కాలినందుకు కాదు.

మైనం తీసుకుంటూ, "ఎప్పుడు కట్టేశావు?" అన్నారు.

"మీరు అటు తిరగ్గానే."

మేడమ్ అడిగారు. "ముకుందంగారూ, నాలుగొందల గంటల్లో నిశ్శబ్దాన్ని ఎన్ని గంటలు వినిపించి చూశారు?"

ఆయన కృపానిధిగారి వైపు చూశారు. కృపానిధిగారేమో నేలవైపు చూశారు. ఉన్న శబ్దం వినిపిస్తుందా లేదా అని చూసినవాళ్ళే అందరూ. లేనిది కూడా వినిపిస్తుందేమోనని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికి, ఒక్క పూట, ఊరికే కూర్చుని ఏమీ వినకుండా ఉండాలని తోచలేదు.

"అది... సున్నితత్వం కాస్త ఎక్కువ పెట్టాం. తగ్గించొచ్చు. చిన్న సర్దుబాటు" అన్నారు మా ఆయన.

"అవునవును, మొదటి తరం పరికరం కదా" అన్నారు కృపానిధిగారు.

నాకు ఒళ్ళంతా నిప్పు రాజుకుంది. "చిన్న సర్దుబాటా? ఆర్నెల్లు నా కూతురు తనకు తెలిసిన మాటలే మళ్ళీమళ్ళీ వింటూ కూర్చుంది! కొత్తమాట చెవిదాకా రాకుండా ఆ బిళ్ళ అడ్డం నిలబడి, పాతది చేతిలో పెట్టి పంపించింది. వినపడలేదని తెలిస్తే కదండీ, మళ్ళీ చెప్పమని అడిగేది! అడిగే నోరు మూయించి, చెవులు బాగుపడ్డాయని నోట్‌బుక్కులో రాసుకున్నారు. నేను చెబితే నాది భ్రమ. అది చెబితే నేనే అబద్ధం అన్నాను. సర్దుబాటు దేనికి చేస్తారు, క్యాలెండరుకా?"

మేడమ్ లేచి, "పిల్లల మీద ఇది ఈ రోజుతో ఆగిపోతుంది" అన్నారు. కాగితాలు మూసేశారు. నేను అక్కడే తరళ చెవి వెనకనుంచి బిళ్ళ ఊడదీసి, కుక్కర్‌లో వేసి, మూత బిగించి, బల్లమీద వదిలేశాను. అది మా పెళ్ళికి వచ్చిన కుక్కర్. పోతే పోయింది.

గేటు బయట నిలబడి హాస్పిటలుకు ఫోన్ చేశాను. డిసెంబరు రెండోవారం తేదీ ఇచ్చారు. "ఆర్నెల్లు మంచి వయసులో పోయాయమ్మా" అంది డాక్టరమ్మ. "పోయినవి తిరిగి రావు. మిగిలిన వాటితో ఎంత వస్తుందో చూద్దాం."

మర్నాడు శనివారం పొద్దున సొరుగులోంచి పాత మిషను తీసి, బ్యాటరీ మార్చి తరళకు పెట్టాను. అది మొహం చిట్లించింది.

"ఇందులో ఏమీ లేదు."

"ఉన్నంతే ఉంటుంది తల్లీ ఇందులో."

మా ఆయన ముందుగదిలో తన కుర్చీలో కూర్చుని ఉన్నారు. పాట పెట్టలేదు. ఫ్రిజ్ ఆపమని అనలేదు. అది గుర్రుమంటూనే ఉంది. నిన్నటినుంచీ నాతో మాటలేదు. నేనూ పలకరించలేదు. తీగ ముచ్చటకు రెండురోజులు పట్టింది, దీనికి రెండేళ్ళు పట్టినా సరే, నేను మాత్రం కాఫీ ట్రే పట్టుకుని వెళ్ళేది లేదని అనుకున్నాను.

తరళ గుమ్మంలో బొమ్మ వేసుకుంటోంది. పెరట్లో పైడమ్మ అంట్లు తోముతోంది. మా ఆయన లేచి వచ్చారు. వచ్చి, దాని వెనకాల నిలబడి, గొంతులోనే ఏదో అన్నారు.

తరళ బొమ్మ వేస్తూనే ఉంది.

ఆయన ముందుకు వచ్చి మోకాళ్ళమీద కూర్చున్నారు. "తల్లీ, నాన్న... తప్పు..." మిగతాది మింగేశారు.

తరళ తల ఎత్తింది. మెడ పక్కకు వంచింది. కళ్ళు ఆయన పెదాల మీద పెట్టింది.

"ఆఁ?"

ఆర్నెల్ల తర్వాత. నా చేతిలో కూర తరిగే కత్తి ఆగిపోయింది. పెరట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆయన నా వైపు చూశారు.

"నన్ను చూస్తారేం? అడిగింది అది" అన్నాను.

"నాన్న తప్పు చేశాడమ్మా" అన్నారు, కొంచెం పెద్దగా.

"ఆఁ? ఏంటి? మళ్ళీ చెప్పు. వినపళ్ళేదు నాన్నా, గట్టిగా."

పైడమ్మ బూడిద చేతులతో గుమ్మం దాకా వచ్చింది. ఎదురింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది. తరళ చెయ్యి చాచి, మునుపు విజిల్ కోసం గోడమీద పెట్టినట్టే, వాళ్ళ నాన్న గొంతుమీద అరచెయ్యి ఆనించి ఎదురుచూసింది. ఆయన కళ్ళు మూసుకోబోయి, మానుకుని, దాని మొహంలోకి సూటిగా చూస్తూ, వీధి చివరిదాకా వినిపించేలా అరిచారు.

"నేను తప్పు చేశాను తరళా! నువ్వు చెప్పలేకపోయావు, అమ్మ చెప్పింది, నేను వినలేదు! తప్పు నాది!"